ఊరంతటికీ అల్లుడు

మా బావ పోయి ఏడాది తిరక్కముందే ఆయన పేరు మీద వాలీబాల్ పోటీలు పెడుతున్నామంటూ మా ఊరి కుర్రాళ్ళు అమలాపురంలో మా ఇంటికి వచ్చారు. హెల్మెట్లు ఒళ్ళో పెట్టుకుని సోఫాలో ఇరుక్కుని కూర్చున్నారు. వాళ్ళలో పెద్దవాడు ఫోను నా చేతికిచ్చి, అచ్చు వేయించబోయే ఫ్లెక్సీ చూపించాడు. పైన మా బావ పేరు, కింద నాకు తెలియని పెద్దల ముఖాలు. ఫ్లడ్‌లైట్లు, గ్యాలరీ, ఫోన్లలో లైవు, అన్నీ ఉంటాయట. గెలిచిన జట్టుకి మా అక్క చేతుల మీదుగా కప్పు ఇప్పించాలని వాళ్ళ కోరిక. తెలియని నంబరైతే అక్క ఫోను ఎత్తదు కాబట్టి, నన్ను వెళ్ళి ఒప్పించమని అడగడానికి వచ్చారు. "మీ బావగారంటే మనూరికి ప్రాణం కదండీ మేడమ్. మా నాన్నగారు ఇప్పటికీ ఆయన షాట్ గురించి చెప్తారండి," అన్నాడు పెద్దవాడు. వాడు ఎరువుల కొట్టు బుల్లబ్బాయిగారి కొడుకట. ఆ పేరు వినగానే నాకు ఒళ్ళు మండింది. కానీ ఇంటికొచ్చినవాళ్ళు, పైగా వాళ్ళు పుట్టకముందు సంగతికి వాళ్ళనెందుకు అనడమని కాఫీలిచ్చి, కనుక్కుని చెప్తానని పంపించేశాను. ప్రాణమట. ఆ ప్రాణం ఎన్నాళ్ళుందో, ఎప్పుడు పోయిందో దగ్గరుండి చూసినదాన్ని నేను.

మాది రాజోలు దగ్గర ఒక పల్లెటూరు. తొంభైల్లో మా ఊరి మగవాళ్ళకి వరి, కొబ్బరి, ఆ తర్వాత వాలీబాల్. రెండో పంట దాళ్వా కోతలయ్యేసరికి హైస్కూలు వెనక ఖాళీ స్థలంలో సున్నంతో గీతలు పడేవి, నెట్టు బిగించేవారు, ఇక రోజూ పొద్దువాలేవరకూ అక్కడే. వేసవి చివర్లో చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కలిపి పోటీలు జరిగేవి. మా నాన్నని ఊళ్ళో అబ్బులుగారనేవారు. కొబ్బరి తోటలు, కాస్త వరిపొలం ఉన్న మనిషి. మా ఊరి వాలీబాల్ కమిటీకి ఆయనే పెద్ద. మెళ్ళో జంధ్యం లేని లోటు తీర్చడానికా అన్నట్టు ఒక ఈల తాడు కట్టుకుని వేసుకునేవారు. స్నానానికి తప్ప తీసేవారు కాదు. అన్నం తింటూ కంచంలో ఆవకాయ ముక్కలతో ఆటగాళ్ళని నిలబెట్టి, ఎవరెక్కడ ఉండాలో అమ్మకి చెప్పేవారు. అమ్మ "ఆయ్, ఆయ్" అంటూ మజ్జిగ పోసేది. నాన్న చెడ్డవారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆయన ఎవరినీ చెయ్యెత్తి కొట్టిన మనిషి కాదు, పనివాళ్ళ మీద కేకలేసిన మనిషి కాదు. కాలవ అవతలి ఊరు ఏటా మమ్మల్ని ఓడిస్తోందన్నది ఒక్కటే ఆయనకి లోపల పుండులా ఉండేది. మనిషిలో మంచితనం అంతా ఆ పుండు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేది.

పోటీల్లో ఒక నియమం ఉండేది. అంతకుముందు ఒక ఊరు ఆరుగురికి ఆరుగురినీ ఎక్కడినుంచో డబ్బిచ్చి తెచ్చి ఆడించిందట. పెద్ద గొడవై, బల్లలు విరిగాయి. ఆ తర్వాత ఊళ్ళ పెద్దలందరూ కూర్చుని, ఇక మీదట ఊరి జట్టులో ఊరివాళ్ళే ఆడాలని తీర్మానించారు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కానీ మా కోనసీమ మర్యాద ఊరుకోనిస్తుందా? అల్లుణ్ణి పరాయివాడంటే తప్పు కదా. అందుకని ఊరి అల్లుడు కూడా ఊరివాడే అని ఇంకో మాట చేర్చారు. ఆ ఒక్క మాటతో మా ప్రాంతంలో ఆడపిల్లల పెళ్ళిళ్ళ లెక్కే మారిపోయింది. నెట్టు దగ్గర ఎగిరి కొట్టే మంచి షూటర్ ఎక్కడున్నాడంటే అక్కడికి సంబంధం కబురు వెళ్ళేది. ఒక ఊరివాళ్ళు నిశ్చితార్థమైన కుర్రాణ్ణి తెచ్చి ఆడిస్తామంటే, తాంబూలాలు పుచ్చుకుంటే చాలా, తాళి పడాలా అని పెద్దలు పొద్దున్నించి మధ్యాహ్నం దాకా వాదించుకున్నారు. తాళి పడాల్సిందేనని తేల్చారు. ఇదంతా చెప్తుంటే మా స్కూల్లో తోటి టీచర్లు పడీ పడీ నవ్వుతారు. నేనూ నవ్వుతూనే చెప్తాను. మా అక్క పద్మ సంగతి మాత్రం చెప్పను.

అక్క అప్పటికి ఇంటర్ పూర్తి చేసి, టీచర్ ట్రైనింగుకి దరఖాస్తు పెట్టుకుని ఉంది. నేను హైస్కూల్లో ఉన్నాను. ముక్తేశ్వరం వైపు ఒక చిన్న రైతు రెండో కొడుకు, పేరు సూరిబాబు, మా వాళ్ళే, ఎడంచేతి షూటర్ అని నాన్నకి ఎవరో చెప్పారు. పెళ్ళిచూపులంటే పిల్లని చూసుకోవడం కదా, మా ఇంట్లో మాత్రం పిల్లాణ్ణి చూసి వచ్చారు. నాన్న, బుల్లబ్బాయిగారు, ఇంకో ఇద్దరు కమిటీవాళ్ళు కారు కట్టించుకుని వెళ్ళారు. బుల్లబ్బాయిగారు వాళ్ళ గోడ మీద సుద్దముక్కతో ఎత్తుగా గీత గీసి, "ఏదీ బాబూ, ఒక్కసారి ఎగిరి అందుకోండి," అన్నారట. గీతకి జానెడు పైన చెయ్యి ఆనించాడట పెళ్ళికొడుకు. అక్కడికక్కడే మాట ఇచ్చేసి వచ్చారు. "మనిషి ఎలా ఉంటాడండీ?" అని అమ్మ అడిగితే, "ఎడంచేతి వాటం!" అన్నారు నాన్న, అంతకన్నా ఏం కావాలన్నట్టు. అమ్మ భయపడిపోయింది, అన్నం ఏ చేత్తో తింటాడోనని. అక్క వంటింటి గుమ్మంలో నిలబడి, "ఆయన నన్ను చూడక్కర్లేదా నాన్నగారూ?" అని అడిగింది. "పోటీలు దగ్గర పడ్డాయి కదమ్మా. పెళ్ళిలో చూస్తాడులే," అన్నారు నాన్న చాలా ప్రేమగా. ఆ ప్రేమ నిజమైనదే. దానికే నాకు ఇప్పటికీ కోపం.

పెళ్ళి హడావిడిగా జరిగింది. పదహార్రోజుల పండగ కాకుండానే పోటీలు మొదలయ్యాయి. పెళ్ళికొడుకు చేతికి కంకణంతోనే కోర్టులోకి దిగాడు. ఆ పసుపు తాడు తగిలి బంతి అడ్డదిడ్డంగా తిరుగుతోందని అవతలివాళ్ళు ఆట ఆపించారు, తీయించమన్నారు. పదహార్రోజులూ కాకుండా తీయడానికి వీల్లేదని మా పురోహితుడుగారు కోర్టు మధ్యలోకొచ్చి పట్టుబట్టారు. చివరికి కంకణం మీద జేబురుమాలు చుట్టి ఆడనిచ్చారు. ఆ ఏడు మా ఊరు గెలిచింది. పెళ్ళి ఊరేగింపుకి పిలిచిన బ్యాండువాళ్ళనే మళ్ళీ పిలిచి కప్పుని ఊరేగించారు. ఆ ఊరేగింపు పెళ్ళి ఊరేగింపుకన్నా పెద్దదిగా జరిగింది. అక్క వీధి గుమ్మంలో నిలబడి హారతిచ్చింది, మొగుడికో కప్పుకో తెలియకుండా.

అయితే మా బావ మంచివాడు. ఈ కథలో ఎవరికీ అక్కర్లేని విషయం అదొక్కటే. నవ్వుమొహం, ఎవరేం చెప్పినా కాదనని మెత్తదనం. అక్కకి దగ్గర కావడానికి ఎన్నాళ్ళో పట్టలేదు. బావని ఇల్లరికం ఉంచేశారు, ప్రాక్టీసుకి దగ్గరని. తెల్లవారేసరికి మా ఇల్లంతా కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె వాసన. పనివాడొకడు అరుగు మీద కూర్చోబెట్టి ఆయన భుజాలకీ మోకాళ్ళకీ మర్దనా చేసేవాడు. తర్వాత పాలల్లో కొట్టిన నాటుకోడి గుడ్లు. మధ్యాహ్నం ఆయన తినేదాకా నాన్న కంచం ముందు కూర్చునేవారు కాదు. "అల్లుడుగారు వచ్చేరా? అల్లుడుగారికి నెయ్యి వేసేరా?" అని వంటింట్లోకి కేకేసేవారు. ఊరు ఊరంతా అల్లుడుగారనే పిలిచేది. మంగలి, టీకొట్టతను, బస్సు కండక్టరు, అందరికీ ఆయన అల్లుడే. పండగొస్తే ఇంటింటికీ భోజనానికి పిలుపులు. ఆయన వెనక అక్క కొత్త చీర కట్టుకుని నడిచేది. ఆడవాళ్ళు పోటీలు చూడ్డానికి వెళ్ళడం అప్పట్లో లేదు. పెరట్లో నూతి పక్కన నేనూ అక్కా కూర్చుని, స్కూలు వైపు నుంచి వచ్చే జనం అరుపుల్ని బట్టి ఎవరు గెలుస్తున్నారో ఊహించేవాళ్ళం. అక్క పొరబడేది కాదు. అప్పటికి తనలో ఏదో గర్వం కూడా వచ్చింది. ట్రైనింగు సంగతి తనే ఎత్తడం మానేసింది.

మధ్యలో ఒకసారి బావకి ఒక ప్రభుత్వ శాఖ నుంచి పిలుపొచ్చింది, ఆటగాళ్ళ కోటాలో ఉద్యోగానికి ఎంపికలు, కాకినాడ రమ్మని. సరిగ్గా మా పోటీల వారమే. బావ ఆ సంగతి నాన్నకి చెప్పడానికి రెండు పూటలు సందేహించాడు. చెప్పాక నాన్న కోప్పడలేదు. "మా ఇంటి అల్లుడై ఉండి ఒకరి కింద ఉద్యోగం చేస్తారాండీ? ఏం, మా తోటలన్నీ ఎవరివనుకుంటున్నారు?" అని నొచ్చుకున్నారు. బావ ఆ మర్యాదకి కరిగిపోయాడు. "ఆయ్, మీరన్నది నిజమేనండి మావయ్యగారూ," అని కోర్టుకి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం అక్క బియ్యంలో రాళ్ళేరుతూ, "ఒక్క పూట పని. వెళ్ళొచ్చి ఆడినా అయ్యేది," అంది, నాతో కాదు, చేటతో.

మోకాలు పోయిన రోజు జల్లు పడింది. ఫైనలు. ఆట ఆపమని బావే అడిగాడట, నేల జారుతోందని. గెలుపులో ఉన్నాం, ఆపొద్దన్నారు నాన్న. ఎగిరి కొట్టాడు, బంతి సరిగ్గానే పడింది, ఆయన సరిగ్గా పడలేదు. మోకాలు పక్కకి తిరిగిపోయి ఆయన బురదలో దొర్లుతుంటే, నాన్న ఈల నోట్లోంచి తీసి మొదట అన్న మాట, "బదులు ఎవరున్నార్రా?" అని. ఆ మాట మాకు చెప్పినవాళ్ళు నాన్న చురుకుదనాన్ని మెచ్చుకుంటూ చెప్పారు. ముందు కట్టు కట్టించారు, ఆకు పసర్లు పోయించారు. చివరికి కాకినాడలో పెద్ద డాక్టరు చూసి, నడవడానికి భయం లేదు గానీ ఇక ఎగరకూడదన్నాడు. నడవడానికి భయం లేదన్న మాట విని అక్క దేవుడికి దణ్ణం పెట్టుకుంది. మిగతావాళ్ళందరూ రెండో మాటే విన్నారు.

ఎవరూ ఏమీ అనలేదు. అంటే బాగుండేది. మర్దనా మనిషి రావడం మానేశాడు. పాలల్లో గుడ్డు మానేశారు, తర్వాత పాలు గ్లాసు చిన్నదైంది. నాన్న ముందు తినేసి లేచేవారు, బావ ఎప్పుడొస్తే అప్పుడు అమ్మ వడ్డించేది. అల్లుడుగారు కాస్తా సూరిబాబుగారయ్యాడు, తర్వాత ఉత్త సూరిబాబు. "సూరిబాబూ, దింపు తీయిస్తున్నారు, తోటలోకెళ్ళి కాయలు చూసుకో" అని నాన్న, "సూరిబాబూ, యూరియా వచ్చింది, బండి తీసుకురా" అని బుల్లబ్బాయిగారు. భోజనాలకి పిలుపులు ఆగిపోయాయి. అప్పటిదాకా ఊరంతటికీ అల్లుడైనవాడు మా అక్కకి మొగుడుగా ఒక్కడే మిగిలాడు. ఆశ్చర్యమేమిటంటే బావకి ఇదేదీ పట్టినట్టు ఉండేది కాదు. కుంటుకుంటూ సాయంత్రం అందరికన్నా ముందు కోర్టుకి వెళ్ళేవాడు. సున్నం గీతలు వేసేవాడు, నెట్టు బిగించేవాడు, బంతికి గాలి కొట్టేవాడు, చిన్న పిల్లలకి సర్వీసు నేర్పేవాడు. నవ్వుతూ వెళ్ళి నవ్వుతూ వచ్చేవాడు. ఆ నవ్వు చూసినప్పుడల్లా అక్క మొహం మాడిపోయేది.

మా అబ్బాయికి ఫుట్‌బాల్ పిచ్చి. ఈ మధ్య ఫోనులో చూసి, స్కాట్లండులో రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఆడిన ఒకాయన జీవితం చదివి వినిపించాడు. గని కార్మికుల ఊళ్ళో పుట్టాడట, ఒక క్లబ్బు కొనుక్కుంది, అది ఇంకో క్లబ్బుకి అమ్మింది, ఎక్కడ ఎన్ని ఆటలాడాడో, ఎన్ని గోల్సు కొట్టాడో అన్నీ రాసి ఉన్నాయి. తర్వాత మోకాలికి దెబ్బ. ఆ కింద ఒక్క వాక్యం, ఆ పైన ఆయన ఏం చేశాడో సరిగ్గా తెలియదని. "పాపం కదమ్మా, మనిషిని కొనుక్కుని అమ్ముకోవడం," అన్నాడు మావాడు. ఆ దేశంలో కొనుక్కున్నవాళ్ళు కొనుక్కున్నామనైనా ఒప్పుకున్నారు. మేం కాళ్ళు కడిగి, కన్యాదానం చేసి తెచ్చుకున్నాం.

ఇక నా వంతు వచ్చింది. నేను రాజోల్లో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. అప్పనపల్లి వైపు రాంబాబు అనే కుర్రాడు బాగా ఆడుతున్నాడని కనిపెట్టింది మా బావే. కొబ్బరి ఒలుపు దగ్గరికి వెళ్ళి, అక్కడ ఖాళీలో ఆడుతుంటే చూసి, మురిసిపోతూ వచ్చి నాన్నకి చెప్పాడు. ఆ ఆదివారం కమిటీ మా అరుగు మీద కూర్చుంది. నేను గది తలుపు వెనక నిలబడి విన్నాను. బుల్లబ్బాయిగారు గొంతు సవరించుకుని, "మరి మన చిన్నమ్మాయిగారు ఉన్నారు కదండీ అబ్బులుగారూ. ఈడూ జోడూ బాగుంటుందండి," అన్నారు. నాన్న ఆలోచిస్తున్నట్టు ఊరుకున్నారు, ఆ ఊరుకోవడంలో ఒప్పుకోలు నాకు తెలిసిపోయింది. అప్పుడు మా బావ గొంతు వినిపించింది. "చాలా మంచి కుర్రాడండి మావయ్యగారూ. చెయ్యి చూస్తే ముచ్చటేస్తుందండి. నాకప్పగించండి, ఒక్క ఏడాదిలో తయారుచేసేస్తాను." నన్ను సొంత చెల్లెల్లా చూసుకున్న మనిషి. నాకు సైకిలు నేర్పిన మనిషి. అందులో తప్పేముందో ఆయనకి నిజంగానే తెలియలేదు. తననీ అలాగే తెచ్చుకున్నారు, తను బాగానే ఉన్నాననుకున్నాడు.

అక్క కాఫీల పళ్ళెం పట్టుకుని అరుగు మీదికి వెళ్ళింది. పళ్ళెం బల్ల మీద పెట్టింది గానీ ఎవరికీ అందించలేదు. "ఈ ఇంటికి ఒక అల్లుడు చాలు నాన్నగారూ," అంది.

"నువ్వు లోపలికెళ్ళమ్మా," అన్నారు నాన్న.

"వెళ్తాను. ముందు ఇది వినండి. చిట్టికి ఆ సంబంధం చేస్తే, పోటీల రోజున నేను వచ్చి కోర్టు మధ్యలో కూర్చుంటాను. నాకు పెళ్ళెందుకు చేసేరో, ఈయన కాలు ఎలా పోయిందో, ఈ ఇంట్లో ఈయన్ని ఇప్పుడెలా చూస్తున్నారో, అన్ని ఊళ్ళవాళ్ళ ముందూ చెప్తాను."

"పద్మా, ఏంటది?" అన్నాడు బావ, నవ్వు పూర్తిగా పోని మొహంతో. "పెద్దవాళ్ళతో ఆ మాటలేంటి?"

"మీరు ఊరుకోండి." అక్క ఆయన వైపు చూడకుండానే అంది.

బుల్లబ్బాయిగారు తువ్వాలు దులుపుకుని లేచారు. "ఆడపిల్ల నోటంట ఇంత మాట వినాల్సొచ్చిందండి," అన్నారు. కమిటీవాళ్ళు ఒక్కొక్కరే మెట్లు దిగిపోయారు. నాన్న చాలాసేపు ఈల తాడు వేళ్ళకి చుట్టుకుంటూ కూర్చున్నారు. తర్వాత, "మీ ఆయన్ని తీసుకుని మీ అత్తారింటికి వెళ్ళమ్మా. నా పరువు తీసే మనిషి నా ఇంట్లో ఉండక్కర్లేదు," అన్నారు. కేకలు లేవు. అమ్మ లోపల కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అమ్మ ఆ ఇంట్లో ఏనాడూ అంతకన్నా ఎక్కువ చెయ్యలేకపోయింది.

ఆ వారంలోనే వాళ్ళు వెళ్ళిపోయారు. బావ ఒక ట్రంకుపెట్టె, అక్క రెండు సంచులు. నేను బస్టాపు దాకా వెళ్ళాను. దారిలో ఎదురైనవాళ్ళు ఊరెళ్తున్నారా అని కూడా అడగలేదు. బావ నాతో మామూలుగానే మాట్లాడాడు. ఆ రాంబాబుని జాగ్రత్తగా చూసుకోమని, వాడికి కుడివైపు కాస్త బలహీనమని, కుర్రాళ్ళకి చెప్పమన్నాడు. ఎవరికి చెప్పమంటున్నాడో, ఎవర్ని చెప్పమంటున్నాడో చూడండి. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రాంబాబుకి తర్వాత మా ఊళ్ళోనే ఇంకొకళ్ళ పిల్లనిచ్చారు. అతను మూణ్ణాలుగేళ్ళు ఆడి, ఆమెనీ పిల్లాణ్ణీ అక్కడే వదిలేసి గల్ఫ్ వెళ్ళిపోయాడు. ఆమె ఇప్పుడు అమలాపురం వచ్చేసి, నేను పనిచేసే స్కూల్లోనే మధ్యాహ్న భోజనం వండుతుంది. ఆమెని చూసినప్పుడల్లా, ఆ గరిటె నా చేతిలో ఉండాల్సిందనిపిస్తుంది. నేను డిగ్రీ పూర్తి చేశాను, బి.ఇడి. చేశాను, ఉద్యోగం తెచ్చుకున్నాను, నచ్చినవాణ్ణి చేసుకున్నాను. ఇదంతా ఆ ఆదివారం అక్క నాకిచ్చిందే. ఆ కృతజ్ఞతతోనే ఇన్నేళ్ళూ బతికాను.

బావ ఆ తర్వాత బంతి ముట్టుకోలేదు. ముక్తేశ్వరంలో ఆటో నడిపాడు. మధ్యలో కొన్నాళ్ళు మస్కట్ వెళ్ళాడు, అక్కడ మెట్లెక్కే పని, మోకాలు ఒప్పుకోక వచ్చేశాడు. మళ్ళీ ఆటో. నేను వెళ్ళినప్పుడల్లా నవ్వుతూనే పలకరించేవాడు గానీ ఆ నవ్వులో మనిషి ఉండేవాడు కాదు. వాళ్ళకి పిల్లల్లేరు. నాన్న పోయినప్పుడు వచ్చి అన్నీ దగ్గరుండి చేశాడు, కొడుకుల్లేని ఇల్లు కదా. పోయిన ఏడాది గుండె నొప్పితో, ఆటో స్టాండులోనే, సీటు మీదే వాలిపోయాడు.

కుర్రాళ్ళు వచ్చి వెళ్ళిన మర్నాడు స్కూలుకి సెలవు పెట్టి అక్క దగ్గరికి వెళ్ళాను. అక్క పెరట్లో ఈనెలు తీస్తోంది, చీపుర్లకి. విషయం చెప్పి, "నువ్వు వెళ్ళొద్దులే అక్కా. ఇప్పుడు పోటీల్లో ఆ నియమం కూడా లేదట. ఎవరైనా ఎవరికైనా ఆడొచ్చు, డబ్బిస్తే వచ్చి ఆడి కార్లెక్కి పోతారు. వాళ్ళకి బావ పేరు కావాలి, అంతే. ఆరోజు ఆయన్ని గెంటేసిన ఊరు ఇప్పుడు నీ చేత కప్పు ఇప్పిస్తుందా?" అన్నాను.

"వెళ్తానే," అంది అక్క. "ఆయనుంటే వెళ్ళేవారు. నడిచైనా వెళ్ళేవారు."

"నాకోసం నువ్వు అంత పోగొట్టుకున్నాక కూడానా? ఆరోజు నువ్వు అడ్డుపడకపోతే నా బతుకేమయ్యేది?"

అక్క ఈనెలు పక్కన పెట్టి నావైపు చూసింది. తర్వాత నెమ్మదిగా అంది. "నువ్వు ప్రతిసారీ ఈ మాట అంటుంటే వింటూ ఊరుకున్నాను. ఇంక ఊరుకోలేను చిట్టీ. నీకోసం కాదే. నువ్వు నాకు గుర్తు కూడా లేవు ఆ క్షణంలో. ఆ కుర్రాడు అల్లుడై మనింటికొస్తే, ఈయన వాడి చెప్పులూ తువ్వాలూ పట్టుకుని గీత పక్కన నిలబడతారు. సంతోషంగా నిలబడతారు. అదీ నాకు కనబడింది. అది చూస్తూ ఆ ఇంట్లో నేనుండలేననిపించింది. అందుకే ఇల్లు వదలాల్సిన మాట అనేశాను, కావాలనే."

"బావకి తెలుసా ఈ సంగతి?"

"తెలుసు. మస్కట్ నుంచొచ్చేక ఒకరోజు ఆటో కడుగుతూ ఆయనే అడిగేరు, ఎందుకలా చేసేవు పద్మా అని. చెప్పేను. ఆయనకి కోపం రాలేదు. 'పట్టుకుంటే ఏవైంది? నాకందులో చిన్నతనం లేదే. నన్నడిగి ఉండాల్సింది,' అన్నారు. అంతే, మళ్ళీ ఆటో కడుక్కున్నారు. తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు."

అక్క మళ్ళీ ఈనెలు చేతిలోకి తీసుకుంది. "నాన్నగారు ఆయన మోకాలొక్కటే తీసుకున్నారు," అంది. "మిగతాదంతా నేనే తీసేసుకున్నానే."